ఉద్యమం పాట సినిమాకెక్కితే

అందరికీ నమస్కారం. పాటకు అర్థం చెప్పమంటే మనం వెంటనే ఈ మాటకు ఇదీ, ఆ మాటకు అదీ అంటూ మొదలుపెడతాం కదా, నాకు మాత్రం ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలనిపిస్తుంది: ఈ పాట ఎవరు పాడుతున్నారు, ఎవరితో అంటున్నారు? సినిమా కోసం పుట్టని పాట సినిమాలోకి వెళ్ళినప్పుడు తేడా అంతా అక్కడే దొరుకుతుంది.

'ఏం పిల్లడో ఎల్దమొస్తవా' తీసుకోండి. ఇక్కడున్న కుర్రాళ్ళలో చాలామందికి ఇది 2009లో వచ్చిన 'మగధీర'లో హీరో హీరోయిన్ల స్టెప్పులతోనే గుర్తుండి ఉంటుంది. ఆ పిలుపు వంగపండు ప్రసాదరావుది. పార్వతీపురం వైపు మనిషి, ఉత్తరాంధ్ర యాసలో రాసి, గజ్జె కట్టి ఊరూరా ఆడి పాడినవాడు. ఆయన రమ్మంటున్నది శ్రీకాకుళం కొండల్లోని పోరాటానికి. ఆ పాటలో చిలకలు కత్తులు దులుపుతాయి, అంటే ఎప్పుడూ తలొంచుకుని ఉండేవాళ్ళు తిరగబడతారన్నమాట. అక్కడ 'వస్తావా' అంటే ప్రాణం మీద ఆశ వదులుకుని వస్తావా అని. 1986లో ఆర్. నారాయణమూర్తి 'అర్ధరాత్రి స్వతంత్రం'లో పెట్టినప్పుడు వెళ్ళాల్సిన కొండ కూడా పాటలోనే ఉంది. డ్యూయెట్‌కి వచ్చేసరికి పిలుపు మిగిలింది, కొండ పోయింది. కీరవాణి దరువు మొదలైతే నా కాలూ ఆగదు, అది వేరే విషయం!

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది 1980లో విడుదలైన 'మా భూమి'. తెలంగాణ సాయుధ పోరాటం మీద బి. నర్సింగరావు నిర్మించారు, దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. అందులో గద్దర్ తెర మీద కనిపించి మరీ పాడిన 'బండెనక బండి కట్టి' పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. 'నైజాము సర్కరోడా' అని ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలిచి నిలదీస్తుంది. సినిమా ఆ నిలదీతను ముట్టుకోలేదు. అదే సినిమాలో సుద్దాల హనుమంతు రాసిన 'పల్లెటూరి పిల్లగాడా' ఉంది, నా లెక్కలో దాని బరువు ఇంకా ఎక్కువ. దొర దగ్గర జీతానికి కుదిరిన, ఇంకా పాలబుగ్గలు పోని పసులకాపరి పిల్లాడితో మాట్లాడుతుంది ఆ పాట. వాడి చిరిగిన అంగీ, తాటి జెగ్గలతో చేసుకున్న కాలిజోడు ఒక్కొక్కటీ చూస్తూ, పాలు మరిచి ఎన్నాళ్ళయిందిరా అని అడుగుతుంది. ఎక్కడా నినాదం లేదు. ఒక పెద్దమనిషి ఆగి, పిల్లాడి కష్టం అడుగుతున్నట్టు ఉంటుంది, అంతే. వెట్టి గురించి ఎన్ని వ్యాసాలు చదివినా నాకు ఆ కాలిజోడంత గట్టిగా ఏదీ తగల్లేదు.

ఆ హనుమంతుగారి అబ్బాయే సుద్దాల అశోక్ తేజ. 2003లో 'ఠాగూర్' కోసం 'నేను సైతం' పాట రాసి జాతీయ అవార్డు అందుకున్నారు. పల్లవి శ్రీశ్రీ 'మహాప్రస్థానం'లోని 'జయభేరి' నుంచి వచ్చింది. శ్రీశ్రీ ఏమంటాడు? ప్రపంచాగ్నికి ఒక్క సమిధ ఇచ్చానంటాడు. అంటే మంట పెద్దది, అందులో వేసేవాళ్ళు చాలామంది, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కమర్షియల్ సినిమాలో ఆ 'నేను' మెగాస్టార్ కాకుండా ఎలా ఉంటాడు? వెనకాల ఎంతమంది కుర్రాళ్ళు నడిచినా కెమెరా చూసేది ఆయన్నే. చరణాల్లో అశోక్ తేజ కలం బలం గట్టిదే, నేను కాదనను. కానీ థియేటర్లో ఈల వేసింది హీరో కోసం, సమిధ కోసం కాదు.

గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' మాత్రం 2002లో 'కుబుసం'లోకి వెళ్ళినా హీరో పాట కాలేదు. ఆ పాటలో మాట్లాడేది కులవృత్తులు ఒక్కొక్కటిగా పడిపోతుంటే చూస్తున్న ఊరు, ఆ గొంతు ఏ ఒక్క నటుడికీ అతకదు. అందుకే ఇవాళ సభల్లో ఆ పాట ఎత్తుకునేవాళ్ళలో సగం మందికి సినిమా పేరు గుర్తుండదు, వెంకన్న పేరు మాత్రం అందరికీ తెలుసు.