సునాబెడలో మా గీజరు చప్పుడు, నాన్నగారి చెవి

అందరికీ నమస్తే అండీ. ఈసారి న్యూజెర్సీ వ్లాగు కాదు, ఒడిశాలో మా పుట్టింటి ఊరు సునాబెడ వ్లాగు. వైజాగ్‌లో దిగి, సాలూరు మీదుగా సుంకి ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేశాం. "చలికాలంలో మీ ఇల్లు చూపించవే" అని పార్వతీపురం పిన్ని ఒకటే అడగడం. కెమెరా ఆన్ చేసి బయల్దేరాను గానీ బాత్రూం దగ్గరే ఆగిపోయాం. వినండి. టప్, టప్, గుడగుడ. గీజరు!

అమెరికాలో మా ఇంట్లో ఇలా గోడకి గీజరు ఉండదండీ. బేస్‌మెంట్ అని ఇంటి కింద ఒక గది ఉంటుంది, అందులో గ్యాస్ మంటతో నీళ్ళు కాచే, దాదాపు మనిషెత్తు ట్యాంకు. మాది 50 గాలన్లది, అంటే 190 లీటర్ల దాకా పడుతుంది. స్విచ్ వేసి కట్టేసే పనే లేదు, రాత్రీ పగలూ నీళ్ళు వేడిగానే ఉంటాయి. పోయిన చలికాలం అదీ ఇలాగే మోగింది. మా ఆయన ఊళ్ళో లేరు. అర్ధరాత్రి మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు వింటుంటే ఎంత టెన్షన్ పడ్డానో! ఎవరిని లేపను? మర్నాడు ప్లంబరు వచ్చి చూసినందుకే 150 డాలర్లు. మన డబ్బుల్లో 12 వేల పైమాటే. బాగుచేస్తే అది వేరే.

ఇక్కడైతే నాన్నగారున్నారు. ఇక్కడి హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో, మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. పొడుగు స్క్రూడ్రైవర్ తెచ్చి, మొన గీజరుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఏంటి నాన్నా?"

"సున్నం తల్లీ. నీళ్ళు కాచే కాయిల్‌కి పెచ్చు కట్టింది. పెచ్చు కింద చిక్కిన నీళ్ళు ఆవిరై దాన్ని తోసుకుని వస్తున్నాయి."

ఇంకా చెప్పారు. సన్నగా కూత వస్తే ఎక్కడో వాల్వు సగమే తెరుచుకుందట. కుళాయి ఠక్కున కట్టగానే పైపులో దబ్‌మంటే గీజరు తప్పు కాదు, పరుగు మీదున్న నీళ్ళు ఒక్కసారిగా ఆగి కొట్టడం.

మాది బోరు నీళ్ళు. అందులో కరిగి ఉన్న సున్నం వేడికి గట్టిపడుతుంది. బొర్రా గుహల్లో పైనుంచి వేలాడేవీ సున్నమేనట, మా వైపు గుప్తేశ్వరం శివుడి గుహా సున్నపురాయే. ఆ పేరు వినగానే అమ్మ, "శివరాత్రికి వెళ్దామే" అంది. అప్పటికి నేను ఇక్కడ ఉండనమ్మా అన్నాను. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పక్కనున్న సెమిలిగుడ నుంచి మిస్త్రీ వచ్చాడు. నాన్నగారిని "మవుసా", అంటే బాబాయ్, అంటూ ఒడియాలోనే మాటలు. ముందు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ దించి, టెస్టరు పెట్టి చూసి, వచ్చే నీళ్ళు కట్టేసి, లోపలివి బకెట్లలోకి వదిలాడు. కింద ప్లేటు విప్పితే చూడండి, తెల్లటి పెచ్చులు గుప్పెళ్ళకొద్దీ! కాయిల్‌ని నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టాడు. పక్కనున్న మెగ్నీషియం రాడ్డు ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతుందట, మాది పుల్లలా మిగిలింది. కొత్త రాడ్డు, ప్లేటు దగ్గర నీళ్ళు కారకుండా వేసే గ్యాస్కెట్, కూలీ అన్నీ కలిపి 750 రూపాయలు. పది డాలర్లు కూడా కాలేదండీ!

వేడి కుళాయిలో గాలి లేకుండా నీళ్ళు ధారగా వచ్చేదాకా నాన్నగారు స్విచ్ వేయనివ్వలేదు. ట్యాంకు నిండకుండా వేస్తే కాయిల్ కాలిపోతుంది. ఇప్పుడు చిన్నగా టిక్ టిక్ వస్తోంది, అది వేడికి పైపులు సాగే చప్పుడు, భయం లేదు.

వేడి ఎక్కువైతే సున్నం త్వరగా పేరుకుంటుందని నాన్నగారు వేడి ఎంతుండాలో పెట్టే థర్మోస్టాట్‌ని 75 డిగ్రీల నుంచి 55కి తిప్పించారు. అమ్మ ఊరుకోలేదు, ఈ చలికి నీళ్ళు పొగలు కక్కాల్సిందే అంది. చివరికి 60 దగ్గర ఇద్దరూ ఒప్పుకున్నారు.