మర్డర్ మిస్టరీ పార్టీ పెడుతున్నారా? ముందు వడ్డన నేర్చుకోండి

ఒక చిరాకు తీర్చుకుని మొదలుపెడతాను. ఇంట్లో మర్డర్ మిస్టరీ పార్టీ పెట్టాలనుకునే వాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "ట్విస్ట్ అదిరిపోవాలి, ఎవ్వరూ కనిపెట్టకూడదు." ఎవ్వరూ కనిపెట్టకూడదనుకుంటే ఎనిమిది మందిని ఇంటికి పిలవడం ఎందుకండీ, అద్దం ముందు కూర్చుని మీ కథ మీరే చెప్పుకోవచ్చుగా!

తలా ఒక పాత్ర, అందులో ఒకరు హంతకుడు, మాట్లాడి మాట్లాడి పట్టుకోవాలి, ఇదంతా మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నా. నేను చెప్పేది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఈ పార్టీ బంతి భోజనం లాంటిది. జనం విస్తరి ముందు కూర్చుంటారు, మీరు వడ్డిస్తారు. మీ వంట ఎంత గొప్పదైనా సరే, విస్తట్లో పడకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను, కొంచెం సిగ్గుగానే ఉంది.

నేను మొదటిసారి ఆడించింది మా చెల్లి పుట్టినరోజుకి, మా ఫ్లాట్‌లోనే. కథ 1970లలో, ఒక పల్లెటూరి టూరింగ్ టాకీస్. సెకండ్ షో నడుస్తుండగా ఓనరు శేషగిరి ఆఫీసు గదిలో చచ్చిపడి ఉంటాడు. ఆపరేటరు, గేటు దగ్గర టికెట్లు చింపేవాడు, సోడాలమ్మేవాడు, ఓనరు బావమరిది, హీరోయిన్ అవుదామని మద్రాసు వెళ్లి తిరిగొచ్చినావిడ, ఇలా ఎనిమిది మంది అనుమానితులు. రాస్తున్నప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను, అంత బాగా వచ్చిందనుకున్నా.

అసలు కీలకం ఇదీ. ఆ రోజుల్లో ఒకే ప్రింటుని రెండు ఊళ్లు పంచుకోవడం ఉండేది. అక్కడ ఒక రీలు ఆడగానే కుర్రాడు దాన్ని సైకిల్ మీద పెట్టుకుని ఇక్కడికి తొక్కుకుంటూ రావాలి. ఆ రాత్రి దారిలో సైకిల్ పంక్చరైంది. రీలు రాలేదు, హాల్లో లైట్లు వేసి జనాన్ని అరగంట కూర్చోబెట్టారు. గేటువాడేమో "పదిన్నరకా? నేను లోపల నిలబడి పాట చూస్తున్నానండీ" అంటాడు. పదిన్నరకి ఆ పాట ఉన్న రీలు ఊళ్లోకే రాలేదు! ఆ సంగతి వాడికి తెలియదు, ఎందుకంటే ఆ టైములో వాడు ఓనరు గదిలో ఉన్నాడు.

బాగుంది కదా? బాగుంది. కానీ ఇది తెలియడానికి నేను పెట్టింది ఒకే ఒక్క క్లూ, సైకిల్ షాపు చీటీ, టైముతో సహా. (రాత్రి పదింటికి పంక్చర్ వేసేవాడు చీటీ రాస్తాడా అని మా బావ తర్వాత అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు.) ఆ చీటీని వంటింట్లో బియ్యం డబ్బా మూత కింద దాచాను, వెతికి పట్టుకుంటారని.

సాయంత్రం మా అమ్మ బియ్యం తీస్తూ అది చూసి, చిత్తు కాగితం అనుకుని, వెనకవైపు పాల లెక్క రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

ఎనిమిది మంది గంటన్నర ఇల్లంతా తిరిగారు. సోఫా దిండ్ల గలీబులు కూడా విప్పారు. చివరికి అందరూ కలిసి బావమరిది మీద వేశారు. కారణం అడిగితే "ఆ పాత్ర వేసినోడి మొహం అలా ఉంది" అన్నారు. క్లూ ఆ రాత్రంతా ఫ్రిజ్ మీదే ఉంది, అందరూ అదే ఫ్రిజ్ తీసి నీళ్లు తాగారు.

ఇక్కడ మళ్లీ విస్తరి దగ్గరికి రండి. పప్పు ఒక్కసారి తెచ్చి, ఒక్క విస్తట్లో ఒక మూల వేసి వెళ్లిపోతే దాన్ని వడ్డన అంటారా? మారు వడ్డన ఉండాలి. టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రలా మాట్లాడుతూ ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలు నడిపేవాళ్లలో ఒక సూత్రం ఉంది, ఆటగాళ్లు కనిపెట్టాల్సిన ప్రతి విషయానికీ కనీసం మూడు క్లూలు పెట్టమని. ఒకటి వాళ్లు చూడరు, రెండోది తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది మిమ్మల్ని కాపాడుతుంది.

ఆర్నెల్ల తర్వాత అదే కథని మా పిన్ని వాళ్లింట్లో వేరే జనంతో ఆడించాను. ఈసారి చీటీ టేబుల్ మీదే పెట్టాను, దాచలేదు. ఒక్కో పాత్రకి చేతికిచ్చే కార్డు ఉంటుంది కదా, సోడా ఆయన కార్డులో "ఆ రాత్రి ఇంటర్వెల్ రాకముందే నీ సోడాలన్నీ అమ్ముడైపోయాయి" అని రాశాను. ఆపరేటరు కార్డులో "అరగంట రీలు రాకపోతే నువ్వు బావమరిదితో పేకాటకి వెళ్లావు, ఇది బయటపడితే నీ ఉద్యోగం పోతుంది" అని రాశాను. చూడండి, మూడూ చెప్పేది ఒకటే, హాల్లో బొమ్మ ఆగిపోయిందని. కానీ ఒకటి కళ్ల ముందుంది, ఒకటి మాటల్లో దొర్లుతుంది, ఒకటి మాత్రం బతిమాలో బెదిరించో బయటికి లాగాలి.

"మరీ సులువైపోదా?" అంటారు. హంతకుణ్ని పట్టుకునే బోర్డు గేమ్ క్లూడో ఆడే ఉంటారుగా. ఆరుగురు మనుషులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు, అన్నీ కలిపితే 324 రకాలు, అంతే. అయినా ఇంట్లో గంట సేపు కొట్టుకుంటాం, ఎందుకంటే జవాబు ముక్కలు పక్కవాడి చేతిలో ఉంటాయి, నోరు తెరిచి అడిగితేగానీ రావు. పైగా బోర్డు గేమ్ చూసి ఈ పార్టీలు పుట్టాయని చాలామంది అనుకుంటారు, జరిగింది తిరగేసి. బర్మింగ్‌హామ్‌కి చెందిన ఆంథొనీ ప్రాట్ అనే సంగీతకారుడు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇళ్లలో పార్టీలకి చేరినవాళ్లు హత్య ఆటలు ఆడుకోవడం చూశాడు. యుద్ధం వచ్చి ఆ సరదాలన్నీ ఆగిపోతే దాన్ని బోర్డు మీదకి తెచ్చాడు, 1949లో వాడింగ్టన్స్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. అంటే ముందు పుట్టింది పార్టీయే.

ఇప్పుడు కార్డులు. అందరూ చేసే తప్పు ఏంటంటే, నోరున్నవాళ్లకి పెద్ద పాత్రలిచ్చి, మాట్లాడనివాళ్లకి ఏ కానిస్టేబుల్ వేషమో ఇచ్చి మూల కూర్చోబెట్టడం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు చూడండి, ఆ వడ్డించేవాడు మీరే. పిన్ని వాళ్ల పక్కింటి ఆంటీ అసలు నోరు విప్పరు, వస్తూనే "నేను చూస్తూ కూర్చుంటానమ్మా" అన్నారు. ఆవిడకి సోడా పాత్ర ఇచ్చాను. మిగతావాళ్ల కార్డుల్లో "సోడా మనిషికి నువ్వు బాకీ, ఎంతో కనుక్కో" అని తలా ఒక లైను పెట్టాను. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు, జనమే ఆవిడ దగ్గరికి వచ్చారు. రెండో రౌండుకల్లా "బాకీ తీరిస్తేనే చెప్తా" అని బేరం మొదలుపెట్టారు! నాకు ఆ రాత్రి హంతకుడు దొరికినదానికన్నా ఇదే గొప్ప.

కాబట్టి ప్రతి కార్డులో నాలుగే విషయాలు. నువ్వెవరు, నీకేం తెలుసు, ఏం దాచాలి, ఎవరి దగ్గర ఏం రాబట్టాలి. ఆ నాలుగోది లేకపోతే మనిషి గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటాడు, రాసిపెట్టుకోండి.

అయ్యో, ఈ వీడియో తీస్తుంటే మెమరీ నిండిపోతోందని చూపిస్తోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మీరు ఆడకండి, వడ్డించేవాడు బంతిలో కూర్చోడు. మూడు రౌండ్లు చాలు, ఒక్కోటి అరగంట, రెండోదాని తర్వాత భోజనాలు. పెరుగు మొదట పోయరు కదా, టేబుల్ మీద పెట్టే చీటీ కూడా మూడో రౌండు దాకా బయటికి తీయకండి. హంతకుడు ఎంతైనా అబద్ధం ఆడొచ్చు, మిగతావాళ్లు దాచొచ్చుగానీ సూటిగా అడిగితే అబద్ధం ఆడకూడదు, ఇది మొదట్లోనే చెప్పేయండి. ఆఖరి నిమిషంలో ఇద్దరు ఎగ్గొడతారు, ఖాయం, అందుకని తీసేసినా కథ ఆగని పాత్రలు రెండు ఉంచుకోండి. ఓట్లు చీటీల మీద రాయించండి, నోటితో చెప్పిస్తే అందరూ మొదటివాడు అన్నదే అంటారు. నిజం కత్తులు వద్దు. ఎవరైనా కేక పెట్టే సీనుంటే కింద వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, మాకు పైకి వచ్చేశాడు కర్ర పట్టుకుని.

అన్నట్టు, గేటువాడు ఎందుకు చంపాడో చెప్పలేదు కదా. చింపాల్సిన టికెట్లు చింపకుండా మళ్లీ అమ్ముతున్నాడని ఓనరుకి తెలిసిపోయింది. నేనే చెప్పేశాను కాబట్టి ఈ వీడియో చూసినవాళ్లతో ఈ కథ ఇలాగే ఆడించకండి, ఆపరేటర్ని హంతకుడిగా మార్చుకోండి. పేకాట మాత్రం తీసేయాలి, లేకపోతే బావమరిది సాక్ష్యం చెప్పేస్తాడు.