గేమ్ కన్సోల్‌కి నెట్ ఎలా ఇవ్వాలి? నాలుగు దారులూ వాడి చూశాను

నమస్కారం అండి. ముందు ఈ క్లిప్ చూడండి. నేను గోడ వెనక్కి వచ్చేశాను, కనిపిస్తోంది కదా? కాలి వేలు కూడా బయట లేదు. అయినా చచ్చిపోయాను! ఎందుకంటే అవతలివాడి స్క్రీన్‌లో నేనింకా గోడ బయటే నిలబడి ఉన్నాను. వాడు మోసం చేయలేదు, ఆటలోనూ తప్పు లేదు. నేను గోడ చాటుకి వెళ్లిన కబురు సర్వర్‌కి ఆలస్యంగా అందింది, అంతే.

ఇలాంటప్పుడు మనం చేసే మొదటి పని ఏంటి? ఇంటర్నెట్ ప్లాన్ పెంచడం. నేనూ అదే చేశాను. 100 ఎంబీపీఎస్ నుంచి 300కి వెళ్లాను. డౌన్‌లోడ్లు పరుగెత్తాయి, కాదనను. ఆట మాత్రం ఎప్పటిలాగే గోడ చాటున చంపుతూనే ఉంది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట. నా ఇంట్లో రోగం ప్లాన్‌లో లేదు, రౌటర్ నుంచి టీవీ దాకా ఉన్న ఆ పది అడుగుల్లోనే ఉంది.

అందుకే ఈ వీడియోలో కన్సోల్ మార్చలేదు, ప్లాన్ మార్చలేదు. రెండింటినీ కలిపే దారి ఒక్కటే మారుస్తూ వచ్చాను. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, 5 గిగాహెర్ట్జ్ వైఫై, కరెంటు వైర్ల మీదుగా నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్, చివరికి మామూలు లాన్ కేబుల్.

ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు వచ్చిపోయే డేటా చాలా తక్కువ. మీరు ఏ బటన్ నొక్కారు, మిగతావాళ్లు ఎక్కడున్నారు, ఇంతే కదా వెళ్లేది. పక్క గదిలో ఎవరో సినిమా చూస్తుంటే అయ్యే డేటాలో అదొక మూలకి రాదు. స్పీడ్ పని పడేది గేమ్ దించుకునేటప్పుడు. 100 జీబీ గేమ్‌ని 100 ఎంబీపీఎస్ మీద దించితే, అంతా సవ్యంగా సాగినా 2 గంటల 13 నిమిషాలు. అదే వైఫై నీరసించి 30 దగ్గర కూర్చుంటే 7 గంటలు దాటుతుంది. ఆడేటప్పుడు మాత్రం చూడాల్సింది పింగ్. కబురు వెళ్లి జవాబు రావడానికి పట్టే టైమ్ అన్నమాట. సెకనుకి 60 ఫ్రేములు ఆడే గేమ్‌లో ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. పింగ్ నిలకడగా 50 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములంత, ఉంటే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. ఇప్పుడు 20, మరుక్షణం 150, మళ్లీ 30 అంటే ఏ చెయ్యీ అలవాటు పడదు. ఈ ఊగిసలాటనే జిట్టర్ అంటారు. నా గొడవంతా దీంతోనే.

సరే, మొదటిది. 2.4 గిగాహెర్ట్జ్. గోడలు దాటి బాగా వస్తుంది, ఆ మంచి పేరు దానికుంది. కానీ ఆ బ్యాండ్, అంటే ఆ రేడియో దారి, నిండా జనమే. పక్కింటి రౌటర్లు, బ్లూటూత్ హెడ్‌సెట్, మీ చేతిలో ఉన్న కంట్రోలర్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ అక్కడే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా ఈ బ్యాండ్‌లో రేడియో గోల చేస్తుంది. నాది కన్సోల్ వెనకే అతికించినట్టు ఉండేది. పక్కకి జరిపాక కంట్రోలర్ తడబాటు కూడా తగ్గింది. మొత్తానికి ఈ దారిలో పింగ్ గ్రాఫ్ చూడండి, రంపం పళ్లలా ఉంది. పదికి మూడు మార్కులు. మీది 2013 నాటి మొదటి ప్లేస్టేషన్ 4 అయితే పాపం వైఫైలో దానికి ఇదొక్కటే గతి, 5 గిగాహెర్ట్జ్ అందుకోలేదు. దాంట్లో గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, లాన్ పోర్ట్ మాత్రం ఉంది, మర్చిపోకండి.

రెండోది 5 గిగాహెర్ట్జ్. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో వైఫై 5 ఉంది (ఈ 5 వైఫై తరం అంకె, గిగాహెర్ట్జ్ కాదు). ప్లేస్టేషన్ 5లో వైఫై 6, ప్లేస్టేషన్ 5 ప్రోలో వైఫై 7. అంకె పెద్దదైతే ఆట బాగుంటుందని అనుకోకండి, రౌటర్ కూడా ఆ తరానిదైతేనే ఆ అంకెకి విలువ. అదే గదిలో రౌటర్ ఉంటే ఈ దారి నిజంగా బాగుంది. గ్రాఫ్ దాదాపు చదునుగా వచ్చింది. కానీ మధ్యలో రెండు గోడలు పడితే నీరసం. కన్సోల్‌ని టీవీ కింద అరలో, తలుపు వేసి దాచిపెట్టారా, ఇంకా నీరసం. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు ఉంటే కన్సోల్ తనకి తోచినదాన్ని పట్టుకుంటుంది, కాబట్టి పేర్లు విడదీయండి. ఛానల్ 36 నుంచి 48 లోపల పెట్టి చూడండి. ఎందుకంటే చాలా దేశాల్లో 52 పైన కొన్ని ఛానళ్లు రాడార్లతో పంచుకున్నవి. రాడార్ సిగ్నల్ తగిలిందంటే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి తీరాలి. మ్యాచ్ మధ్యలో ఖాళీ చేసిందంటే, ఇక మీ ఇష్టం. ఏడు మార్కులు.

పవర్‌లైన్ గురించి ఎక్కువ చెప్పను. గోడ సాకెట్‌లో ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి కన్సోల్ దగ్గర. ఇంటి వైరింగ్ బాగుంటే పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డ్‌లో పెడితే సగం చచ్చినట్టే. ఎక్కడో ఒక మోటారు ఆన్ అయితే గ్రాఫ్‌లో ముల్లు లేస్తుంది. వైర్ లాగే వీల్లేని ఇంటికి చివరి ఆశ, ఐదు మార్కులు.

ఇక లాన్ కేబుల్. చూడటానికి ఏ హంగూ లేదు. పెట్టాను, గ్రాఫ్ గీత గీసినట్టు పడుకుంది. క్యాట్ 5ఈ అని రాసి ఉన్న కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌ల పోర్ట్ కూడా గిగాబిటే. కాబట్టి ఖరీదైన క్యాట్ 8 కేబుల్ కొంటే లాగ్ పోతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. నేను మాత్రం ఇక్కడే బోల్తా పడ్డాను. సొరుగులో పడున్న పాత కేబుల్ పెట్టాను. 300 ప్లాన్ ఉండి స్పీడ్ 95 దాటదే! గంటసేపు రౌటర్‌ని తిట్టాను. లోపల ఎనిమిది వైర్లుంటాయి, నాలుగు జతలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఒక జత తెగిందంటే లింక్ నోరెత్తకుండా 100కి దిగిపోతుంది. కేబుల్ మార్చాను, అయిపోయింది. నింటెండో స్విచ్ వాళ్లకో మాట. మొదటి స్విచ్ డాక్‌లో లాన్ పోర్ట్ లేదు, యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. 2021లో వచ్చిన ఓలెడ్ మోడల్ డాక్‌లో ఉంది, స్విచ్ 2 డాక్‌లోనూ ఉంది. కేబుల్‌కి తొమ్మిదిన్నర. ఆ అర మార్కు ఎందుకు తగ్గించానంటే, రెండుసార్లు దానికి కాలు తగిలి పడబోయాను.

అన్నట్టు 2001లో వచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌లోనే లాన్ పోర్ట్ ఉంది. ఫోన్ లైన్ మోడెమ్ లేదు. 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్ మొదలైనప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకే అది. అప్పట్లో అది సాహసమే.

ఇల్లు అలకగానే పండగ కాదు. కేబుల్ పెట్టాక కూడా నా స్నేహితుడి మాట నాకు వినిపించేది కాదు. అందరూ లాబీలోకి వస్తారు, నేనొక్కణ్నే బయట. ఇది స్పీడ్ కాదు, పింగ్ కాదు, దీని పేరు నాట్. ఇలా ఊహించుకోండి. ఒక ఉమ్మడి కుటుంబం, ఇంటికి ఒకటే డోర్ నంబర్. ఉత్తరాలన్నీ గుమ్మం దగ్గర కూర్చున్న తాతయ్య చేతిలో పడతాయి. ఎవరు ఎవరికి రాశారో ఆయన గుర్తుపెట్టుకుని, జవాబు వస్తే వాళ్లకి ఇస్తాడు. ఎవరూ రాయకుండా, ఎవరి పేరూ లేకుండా ఉత్తరం వస్తే? చించి పారేస్తాడు. ఆ తాతయ్యే మీ రౌటర్. మీ స్నేహితుడి కన్సోల్ నేరుగా మీ కన్సోల్‌ని పలకరిస్తే, ఆ పలకరింపు గుమ్మంలోనే ఆగిపోతుంది.

కన్సోల్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ టెస్ట్ చేస్తే ఇది కనిపిస్తుంది. ప్లేస్టేషన్‌లో టైప్ 2 ఉంటే దిగుల్లేదు, టైప్ 3 అంటే తాతయ్య మరీ చండశాసనుడు. ఎక్స్‌బాక్స్‌లో ఓపెన్, మోడరేట్, స్ట్రిక్ట్ అని చూపిస్తుంది. మందు ఏంటంటే రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్ చేయడం. అప్పుడు కన్సోలే తాతయ్య దగ్గరికెళ్లి, ఈ నంబర్‌తో వచ్చేవి నావే అని చెప్పుకుంటుంది. అయితే ఇంట్లో ఏ చవక కెమెరా అయినా అలా చెప్పుకోగలదు, అది నచ్చకపోతే పోర్ట్ ఫార్వర్డింగ్ చేతితో పెట్టుకోండి, అంటే ఈ నంబర్‌తో వచ్చేవి కన్సోల్‌కే ఇవ్వమని తాతయ్యకి మీరే రాసివ్వడం. ఎక్స్‌బాక్స్‌కి ముఖ్యంగా యూడీపీ రకం పోర్ట్ నంబర్ 3074. ఇంట్లో కంపెనీ ఇచ్చిన రౌటర్ ఒకటి, మీరు కొన్నది ఇంకొకటి ఉంటే ఇద్దరు తాతయ్యలు ఉన్నట్టు. ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి, అప్పుడది తాతయ్య పని మానేసి వచ్చినవన్నీ రెండోదానికి దాటిస్తుంది.

ఇవన్నీ చేసినా నా నాట్ మారలేదండి. ఎందుకో చివరికి రౌటర్ స్టేటస్ పేజీలో దొరికింది. బయటి ఐపీ అడ్రస్, అంటే ఆ డోర్ నంబర్, 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, నెట్ కంపెనీ మీ వీధి వీధికంతా కలిపి ఒకటే డోర్ నంబర్ ఇచ్చిందన్నమాట. దీన్నే సీజీనాట్ అంటారు. మన గుమ్మంలో ఎన్ని తలుపులు తీసినా లాభం లేదు, తాళం వీధి చివర ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీడ్ తగ్గిందని చెప్పకండి, రౌటర్ రీస్టార్ట్ చేయమని పెట్టేస్తారు. పబ్లిక్ ఐపీ (మన ఇంటికే సొంతమైన డోర్ నంబర్) కావాలి, లేదా ఐపీవీ6 (ఒక్కో పరికరానికీ సొంత నంబర్ దొరికే కొత్త అడ్రస్ పద్ధతి) ఆన్ చేయండి అని అడగండి. నేను మూడోసారి ఫోన్ చేసినప్పుడు ఆ మాట అర్థమైన మనిషి దొరికాడు. ఆ సాయంత్రమే నాట్ ఓపెన్.

డీఎన్‌ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందా అని అడుగుతుంటారు. తగ్గదు. అది సర్వర్ అడ్రస్ వెతికిపెట్టే పుస్తకం, అడ్రస్ దొరికాక దాని పని అయిపోయింది.

ఒక్క చిక్కు మిగిలింది. రోజూ రాత్రి ఒకే టైమ్‌కి, కేబుల్ ఉన్నా సరే, పింగ్ ఆకాశానికి ఎగిరేది. ఆ టైమ్‌కి ఇంట్లో ఎవరిదో ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టగానే ఫొటోలన్నీ బ్యాకప్‌కి వెళ్తున్నాయి. రౌటర్ వాటిని క్యూలో పేర్చుతుంది, నా బటన్ నొక్కుడు ఆ క్యూ చివర నిలబడుతుంది. లెక్క చూడండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే, ఒక్క ఎంబీ క్యూ కదలడానికి 0.8 సెకన్లు. 800 మిల్లీసెకన్ల పింగ్! రౌటర్‌లో ఎస్‌క్యూఎం, అంటే క్యూ పెరిగిపోకుండా చూసే సెట్టింగ్, ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 85, 90 శాతం దగ్గర పెట్టండి. నాది పాత రౌటర్, ఆ ఆప్షన్ లేదు. అందుకని బ్యాకప్‌ని తెల్లవారుజాముకి మార్చమని బతిమాలుకున్నాను. ఒప్పుకున్నారు, రాత్రి పదిన్నర తర్వాత అరవకూడదనే షరతు మీద.