కూలింగ్ ప్యాడ్ రివ్యూ: వేడి తగ్గింది, మరి సౌండ్ సంగతేంటి?

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ల్యాప్‌టాప్ వేడి తగ్గడానికి దాని కింద పెట్టే ఈ ఫ్యాన్ ఉన్న కూలింగ్ ప్యాడ్‌ని కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపించారు. వీడియోకి డబ్బులేమీ తీసుకోలేదు, వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. సైజు, బరువు, లైట్లలో ఎన్ని రంగులు అనేవి ఈపాటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నేను మాట్లాడేది సౌండ్ గురించి.

ఒక్క విషయం మాత్రం దగ్గరగా చూపించాలి. ఇదిగో, చుట్టూ నల్లగా స్పాంజ్ అంచు కనిపిస్తోందా? ల్యాప్‌టాప్ పెట్టగానే అది నొక్కుకుపోయి సందులన్నీ మూసేస్తుంది. కింద ఉన్న ఫ్యాన్ ఊదే గాలి పక్కలకి పోకుండా నేరుగా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న జాలీలోకే వెళ్తుంది. మామూలు కూలింగ్ ప్యాడ్‌లకి ఈ స్పాంజ్ ఉండదు. నేను ఇంతకుముందు వాడినవన్నీ ఆ రకమే. వాటి గాలిలో సగం అడుగున ప్లాస్టిక్‌కి తగిలి పక్కలకి పోయేది. ఫ్యాన్ ఆపేసి ఊరికే స్టాండులా వాడినా దాదాపు అంతే తేడా కనిపించేది. అంటే పని చేసింది ఫ్యాన్ కాదు, ల్యాప్‌టాప్ కింద దొరికిన ఖాళీ.

ఇది అలా కాదు, నిజంగా పని చేస్తుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే నా ల్యాప్‌టాప్ 95 డిగ్రీలు దాటి, ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకునేది. థ్రాట్లింగ్ అంటారే, అదే. ఈ ప్యాడ్ మీద అదే పని 80ల్లోనే అయిపోతోంది. వేడి విషయంలో దీనికి వంక పెట్టలేను.

కానీ సౌండ్! మైక్ ఇక్కడ పెడుతున్నా, మీరే వినండి. ల్యాప్‌టాప్ ఫ్యాన్ నెమ్మదించింది, నిజమే. దాని బదులు కింద నుంచి ఇది హోరుమంటోంది. స్పీడ్ బాగా తగ్గిస్తే ఫర్వాలేదు, మిగతా గదుల్లో వాళ్లకి వినిపించదు. అయితే కేబుల్ తీసి పెట్టిన ప్రతిసారీ ఇది ఫుల్ స్పీడ్‌లోనే మొదలవుతుంది. నిన్న పెట్టిన స్పీడ్ దీనికి గుర్తుండదు. రాత్రిపూట పక్కన ఎవరో పడుకుని ఉంటారు, మీరు ల్యాప్‌టాప్ తెరుస్తారు, ఒక్కసారిగా గుయ్‌మంటుంది. బటన్ చీకట్లో తడుముకుని ఒక్కో మెట్టూ దించుకోవాలి. చివరి స్పీడ్ గుర్తుపెట్టుకోవడం ఈ రోజుల్లో అంత కష్టమైన పనా? నాకు దీని మీద నిజంగా కోపం వచ్చింది.

అసలు ఫ్యాన్ సౌండ్‌లో చిరాకు పెట్టేది ఎంత పెద్దగా ఉందన్నది కాదు, ఎక్కుతూ దిగుతూ ఉండటం. ఒకే తీరుగా వచ్చే సౌండ్‌కి చెవి అలవాటు పడిపోతుంది. ఏదో పేజీ తెరవగానే లేచి, కాసేపటికి తగ్గి, మళ్లీ లేచే సౌండ్‌కి అలవాటు పడలేం. దానికి కారణం టర్బో బూస్ట్. చిన్న పనికి కూడా ప్రాసెసర్ కొన్ని సెకన్లపాటు స్పీడ్, దాంతోపాటు వోల్టేజ్ పెంచుతుంది. వోల్టేజ్ రెట్టింపైతే కరెంటు ఖర్చు నాలుగు రెట్లవుతుంది, ఆ ఖర్చంతా వేడిగానే బయటికొస్తుంది. అందుకే ఆ కాస్త స్పీడ్ కోసం అంత వేడి, దాని వెనకే ఫ్యాన్ పరుగు.

విండోస్ వాడేవాళ్లు పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనే చోట 100 తీసేసి 99 పెట్టి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో దాంతో టర్బో ఆగిపోతుంది. టైపింగ్, బ్రౌజింగ్, సినిమాలు, వీటిలో తేడా తెలియదు. ఫ్యాన్ మాత్రం లేవడం మానేస్తుంది. ఎడిటింగ్, గేమింగ్ ఉన్నప్పుడు మళ్లీ 100 చేసుకోండి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ ఆప్షన్ కనిపించదు. అలాంటప్పుడు ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాప్‌లో సైలెంట్ మోడ్ ఉందేమో చూడండి.

ఇంకోటి, కొన్నేళ్లుగా వాడుతున్న ల్యాప్‌టాప్ అయితే ప్యాడ్ కొనే ముందు దుమ్ము తీయించండి. కింద జాలీలోంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే కనిపిస్తుంది. అసలు దుమ్ము ఫ్యాన్‌కీ, రాగి పైపు చివర ఉండే సన్నటి రేకులకీ మధ్య అట్టకట్టి ఉంటుంది. కవర్ విప్పి ఫ్యాన్ ఎత్తితే, చిన్న కంబళి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది. అది ఉన్నంతకాలం ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోదు. గాలి డబ్బాతో ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి. వదిలేస్తే విపరీతమైన స్పీడ్‌తో తిరిగి బేరింగ్ పాడయ్యే ప్రమాదం ఉంది. బ్యాటరీ కనెక్టర్ ముందే తీసేయండి.

మరి ఈ ప్యాడ్ కొనాలా? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటలకొద్దీ గేమ్స్ ఆడేవాళ్లకి, రెండరింగ్ చేసేవాళ్లకి చెప్తున్నాను, తీసుకోండి, థ్రాట్లింగ్ బాధ తగ్గుతుంది. ఫ్యాన్ సౌండ్ భరించలేక దీని వైపు చూస్తున్నవాళ్లు మాత్రం వద్దు. స్పీడ్ గుర్తుపెట్టుకునే వెర్షన్ వస్తే మళ్లీ టెస్ట్ చేస్తానని కంపెనీకి రాశాను. అప్పటిదాకా నా టేబుల్ మీద మాత్రం ఇది ఉండదు.