డాఖౌ రాయికి పదేళ్లు ఎందుకు పట్టింది?

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభికులకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా స్మారకాలను గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. విగ్రహాల సంగతి ముందు వక్తలు చాలినంత చెప్పారు గనుక, నేను ఒక్క రాయికే కట్టుబడతాను.

జర్మనీలో మ్యూనిక్‌కు సమీపాన ఉన్న డాఖౌలో నాజీలు 1933లో నిర్బంధ శిబిరం తెరిచారు. పురుషులను ప్రేమించారన్న నేరం మీద అక్కడికి తెచ్చిన పురుషుల దుస్తుల మీద గులాబీ రంగు త్రికోణపు గుడ్డముక్క కుట్టేవారు. వారి జ్ఞాపకార్థం 1985లో కొన్ని స్వలింగ ప్రేమికుల సంఘాలు అదే త్రికోణాకారంలో ఒక రాతిఫలకం చేయించగా, దానిని స్మారక ప్రాంగణంలో ఉంచడానికి మాజీ ఖైదీల అంతర్జాతీయ కమిటీ ఒప్పుకోలేదు. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి ఆ రాయికి ఆశ్రయమిచ్చింది. ఉండవలసిన చోటికి అది 1995లో గాని చేరలేదు. కాదన్నది నాజీల వారసులు కారు, అదే ముళ్లకంచె లోపల అదే ఆకలిని అనుభవించినవారు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఈ సభలోనూ దాన్ని దాచుకోను.

కారణం చట్టంలో ఉంది. పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా ఎంచిన జర్మన్ శిక్షాస్మృతిలోని 175వ సెక్షన్‌ను నాజీలు 1935లో మరింత కఠినం చేశారు. యుద్ధం ముగిసి శిబిరాల తలుపులు తెరుచుకున్నాక కూడా పశ్చిమ జర్మనీ ఆ కఠిన రూపాన్నే 1969 వరకు అమలు చేసింది. శిబిరం నుంచి బతికి బయటపడ్డ మనిషి బాధితుడిగా కాక నేరస్థుడిగానే ఇల్లు చేరాడు. నోరు విప్పితే మళ్లీ జైలే. ఆ సెక్షన్ పూర్తిగా రద్దయింది 1994లో, రాయి కదిలింది 1995లో. వెనక వరుసలో కూర్చున్న విద్యార్థులారా, ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసుకోండి. ఇది కేవలం కాకతాళీయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆమ్‌స్టర్‌డామ్ వాసులు 1987లోనే కాలువ ఒడ్డున మూడు గులాబీరంగు గ్రానైట్ త్రికోణాలు పరిచారు. బెర్లిన్‌లో 2008లో ఒక కాంక్రీటు దిమ్మె నిలిపి, దాని కిటికీలోంచి ముద్దు దృశ్యం కనిపించేటట్లు అమర్చారు, ఆ కిటికీని దుండగులు పగలగొట్టారు కూడా. రెండూ గొప్ప నిర్మాణాలే, అయినా వాటి మీద చనిపోయినవారి పేర్లు లేవు. పేర్లు కావాలంటే హాంబర్గ్ వీధుల్లో తల వంచుకుని నడవాలి. హతులు నివసించిన ఇళ్ల ముందు కాలిబాటలో పొదిగిన చిన్న ఇత్తడి పలకల మీద పేరు, పుట్టిన సంవత్సరం, చనిపోయిన తీరు ఉంటాయి. ఆ పేర్లలో ఎన్నో దొరికింది పోలీసుల, కోర్టుల పాత దస్త్రాల్లోనే. వేటాడడానికి రాసుకున్న కాగితమే వారి ఉనికికి సాక్ష్యమైంది.

మన హైదరాబాదుకు వద్దాం, ఎందుకంటే ఇక్కడా అటువంటి కాగితం ఉంది. 1919 నాటి నిజాం రాజ్యపు చట్టం ఒకటి హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టమంది. అందులోకి ఎక్కినవారు ఆడవారి దుస్తుల్లో కనిపించినా, బహిరంగ స్థలంలో పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చునంది. నిజాం రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకంలో మిగిలి, 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా ఉంది. నూరేళ్లు దాటిన ఆ చట్టానికి గుర్తుగా ఈ నగరంలో ఒక ఫలకమైనా ఉండవద్దా అని మిమ్మల్నే అడుగుతున్నాను.

సాయంత్రం మీరు ఆమోదించబోయే తీర్మానాల్లో దీన్ని కూడా చేర్చమని నిర్వాహకులను కోరుతున్నాను. ఫలకం మీద ఏమి రాయాలో, పేర్లు రాయాలో వద్దో మాత్రం ఈ వేదిక నిర్ణయించరాదు. తీర్మానం ముసాయిదా రాసేముందే నగరంలోని హిజ్రా పెద్దలను పిలిచి కూర్చోబెట్టండి.