పావురాలతో యుద్ధం వద్దు, ముందు వడ్డన ఆపండి

[కోడిగూడు ముందు నిలబడి]

నమస్కారం. తిరుపతిలో మిద్దె మీద కుండీలు, పెరట్లో ఐదారు నాటుకోళ్లు పెట్టుకున్నవాళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, పిచ్చుకల్ని పట్టే బోను ఎక్కడ దొరుకుతుంది?" పిచ్చుకల్నా! మార్చి 20న పిచ్చుకల దినోత్సవం వస్తే పిచ్చుకలు కనపడటం లేదని స్టేటస్ పెట్టేదీ మనమే, బోను అడిగేదీ మనమేనా?

ఇదంతా అమెరికా వీడియోల పుణ్యం. వాళ్ల గోల వేరు. 1850ల్లో బ్రూక్లిన్‌లో పిచ్చుకల్ని, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో గోరింక కుటుంబానికే చెందిన స్టార్లింగు పిట్టల్ని ఓ అరవై యూరప్ నుంచి తెచ్చి చేతులారా వదిలారు. అవి దేశమంతా పాకి, అక్కడి పిట్టల గూళ్లు లాక్కుంటున్నాయి. ఆ రెండింటికీ, పావురానికీ అక్కడి వలస పక్షుల చట్టం రక్షణ ఇవ్వదు. అందుకని బోనులు పెడతారు.

మన పిచ్చుక మన ఊరిదే. అసలు తమాషా ఇంకోటుంది. ప్రపంచంలో వేరే చోటికి వెళ్లి అతిగా చెరుపు చేస్తున్న 100 జీవుల జాబితా ఒకటి, ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2000లో వేసింది. అందులో పక్షులు మూడే. ఒకటి స్టార్లింగు. మిగతా రెండూ మన గోరింక, మన పిగిలిపిట్ట! ఇక్కడ కరెంటు తీగ మీద బుద్ధిగా కూర్చునే గోరింక ఆస్ట్రేలియా వెళ్లి రౌడీ అయింది. మన కాకి కూడా తక్కువదేం కాదు, పది లక్షల కాకుల్ని చంపుతామని 2024లో కెన్యా ప్రకటించింది. అది కెన్యా సంగతి. ఇక్కడ గోరింక, పిగిలిపిట్ట, చిలుక అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో ఉన్నాయి. బోను పెడితే చివరికి బోనులో నిలబడేది మీరే.

సరే, మన పెరట్లో అసలు తలనొప్పి ఎవరు? మొదట పావురం, తర్వాత కాకి. చిలుకల సంగతి చివర్లో, టైముంటే.

[నేల మీద చల్లిన నూకలు, దగ్గరగా]

ఇది చూడండి. మన జిల్లావాళ్లకు అన్నదానం గురించి కొత్తగా చెప్పేదేముంది? పొద్దున్నే గూడు తలుపు తీస్తారు, రెండు దోసిళ్ల నూకలు, తవుడు నేల మీద చల్లి ఆఫీసుకు వెళ్లిపోతారు. కోళ్లు తినేది కొంత, కాళ్లతో గీరి మట్టిలో కలిపేది కొంత. మిగిలింది సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. అంటే విస్తళ్లు వేసి, వడ్డించి, తలుపులు బార్లా తీసి పెట్టారన్నమాట. ఇప్పుడు గేటు దగ్గర సీడీలు వేలాడదీసి, ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టి "ఎవరూ రాకండి" అంటే వినేదెవరు? పావురం రెండు రోజులు అనుమానంగా చూస్తుంది. ఆ తర్వాత గుడ్లగూబ నెత్తిమీదే కూర్చుని, కింద వడ్డన అయిందా లేదా అని చూసుకుంటుంది. ఆ బొమ్మలకు డబ్బులు పోసేవాళ్లను చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది.

భోజనాలకు ఒక వేళ పెట్టండి. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. కోళ్లు అంతలో ఎంత తింటాయో అంతే వేయండి, టైమవగానే గిన్నె తీసేయండి. గిన్నె అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా ఇటుకల మీద పెడితే కాళ్లతో గీరడం కుదరదు, కింద ఒలికేది బాగా తగ్గుతుంది.

రోజంతా ఇంట్లో ఉండనివాళ్లు టోకెన్ పద్ధతి పెట్టుకోవచ్చు. నవ్వకండి, ఉంది. తొక్కితే తెరుచుకునే ఫీడర్. ముందు ఒక పలక ఉంటుంది, దాని మీద కోడి ఎక్కితే మూత లేస్తుంది. ఇక్కడ టోకెన్ అంటే బరువు. పెద్ద నాటుకోడి కిలో పైనే ఉంటుంది. పావురం మూడు, మూడున్నర వందల గ్రాములు, పిచ్చుక ముప్పై గ్రాములు కూడా ఉండదు. కోడి బరువుకే లేచేలా పలకను సర్దితే పావురం ఎంత ఎగిరినా మూత లేవదు. కోడిపిల్లల దగ్గరా టోకెన్ ఉండదు కాబట్టి వాటికి గంప కింద వేరే పంక్తి వేయాలి. కోళ్లు నేర్చుకోవడానికి కొన్నాళ్లు పడుతుంది, అందాకా మూత సగం తెరిచి పెట్టండి.

ఇదంతా నాలుగు నూకల కోసం కాదు. కోళ్లను చంపే కొక్కెర తెగులు తెచ్చే వైరస్ రకమొకటి పావురాల్లోనూ తిరుగుతుంది. వాటి రెట్ట మేతలోనో నీళ్లలోనో పడితే మీ గూటికి వచ్చినట్టే. ఈ తెగులుకు టీకాలున్నాయి: కోడిపిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌టూబీ సూది తప్పనిసరి. పైగా రాత్రి మిగిలిన గింజలకు ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకే పాము. శేషాచలం అంచున ఇళ్లున్నవాళ్లకు ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

అయ్యో, టైము అయిపోవచ్చింది. మిగతావి గబగబా చెప్పేస్తా.

గూటికి అరంగుళం జాలీ కొట్టించండి, పావురమే కాదు, ఎలుక కూడా ఆగుతుంది. కూరగాయల మీద వల వేస్తే బిగుతుగా లాగి కట్టండి. వదులుగా వేలాడే నైలాన్ వలలో పిట్టలు, జెర్రిపోతులు చిక్కుకుని చస్తాయి. ఏసీ డబ్బా వెనక పావురం పుల్లలు పేర్చడం మొదలుపెట్టిన రోజే తీసేయండి. గుడ్లు పెట్టిందంటే పొదగడానికి పద్దెనిమిది రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మాస్కు పెట్టుకుని, నీళ్లు చల్లి, తడిగా ఎత్తండి.

కాకి గుడ్లూ ఎత్తుకుపోతుంది, కోడిపిల్లల్నీ ఎత్తుకుపోతుంది. తద్దినం రోజు పిలిస్తే మాత్రం రాదు! గుడ్లు పొద్దున్నే తీసేయండి, పిల్లల్ని తల్లితో సహా పైన వల ఉన్న చోటే వదలండి.

చిలుకలకు... జామకాయ నిమ్మకాయంత కాగానే కవరు తొడిగేయండి, మామిడికి తొడుగుతారే, అవే. చెట్టు పైకొమ్మ కాయలు మీకెలాగూ అందవు, వాటి జోలికి పోకండి.

కాకులో కోళ్లో ఒకేసారి నాలుగైదు చచ్చిపడి ఉంటే ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో పక్కన నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ వచ్చింది, మర్చిపోయారా? వెంటనే పశువుల ఆస్పత్రికి కబురు పెట్టండి. తొక్కుడు ఫీడర్ కొలతలు వీడియో కింద రాశాను, ఊళ్లో వెల్డింగ్ షాపువాళ్లకు చూపిస్తే చేసిస్తారు.