ఎర్నాకుళంలో రెండు క్రిస్మస్‌లు

శ్రోతలకు నమస్కారం.

2022 డిసెంబరు 24న కేరళలోని ఎర్నాకుళంలో సెయింట్ మేరీస్ కథీడ్రల్ బసిలికా మూతపడింది. ఆ రాత్రి అక్కడ క్రిస్మస్ పూజ జరగలేదు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కి కూడా జరగలేదు. సుమారు 5 లక్షల మంది కతోలికులున్న ఎర్నాకుళం-అంగమాలి అగ్రపీఠానికి, అంటే ఆర్చ్‌బిషప్ పాలనలో ఉండే ప్రాంతానికి, అది ప్రధాన దేవాలయం. కేరళలో పుట్టిన కతోలిక శాఖ సీరో-మలబార్ సభకు పెద్ద అయిన మేజర్ ఆర్చ్‌బిషప్ గారి సొంత పీఠం కూడా అదే. అంటే ఎక్కడో ఒక మూల గుడిలో వచ్చిన తగాదా కాదిది, సభ నడిబొడ్డునే వచ్చింది.

బయటివాళ్లెవరూ దాడి చేయలేదు. పూజ చేసేటప్పుడు గురువు ఎటు తిరిగి నిలబడాలి అన్నదాని మీద లోపలివాళ్ల మధ్య ముదిరిన గొడవ అది.

"ఇంతోటి దానికా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అలా తీసిపారేయొద్దని నా మనవి. కంచి వరదరాజస్వామి గుడిలో పారాయణం హక్కు ఎవరిదన్న దాని మీద వైష్ణవుల్లోని వడగలై, తెంగలై వర్గాల వ్యాజ్యాలు తరాల తరబడి కోర్టుల్లో నడిచాయి. దేవుణ్ణి ఎలా కొలవాలన్నది కొలిచేవాళ్లకు ఏనాడూ చిన్న విషయం కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఒక పద్ధతిలో మోకరిల్లిన మనిషికి, రేపటి నుంచి అలా కుదరదంటే తన ప్రార్థననే ఎవరో లాక్కున్నట్టు ఉంటుంది. రెండు వైపుల వాళ్లకూ అలాగే ఉంది. అందుకే ఈ గొడవ ఇంత కాలం సాగింది.

కొంచెం విడమరిచి చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాలాంటి కతోలికులు ఎక్కువమంది లాటిన్ సంప్రదాయం వాళ్లు. సీరో-మలబార్ వాళ్లది తూర్పు సిరియా సంప్రదాయం. క్రీస్తు శిష్యుడైన తోమా క్రీ.శ. 52లో తమ తీరానికి వచ్చాడన్నది వాళ్ల తరతరాల నమ్మకం. పోపుగారితో ఐక్యంగా ఉంటూనే, వాళ్లకు సొంత సినడ్ (బిషప్పుల సభ), సొంత ఆరాధన ఉన్నాయి. పూజను కుర్బానా అంటారు. 1962లో కుర్బానా మలయాళంలోకి వచ్చింది. ఆ దశకంలోనే ప్రపంచ కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ ప్రభావంతో చాలాచోట్ల గురువు జనం వైపు తిరిగి పూజ చేయడం మొదలైంది. ఎర్నాకుళంలో ఆ పద్ధతి వేళ్లూనుకుంది. వేరే కొన్ని పీఠాల్లో మాత్రం గురువు కూడా జనంతోపాటు బలిపీఠం వైపే తిరిగి ఉండే పాత పద్ధతి నిలిచింది.

1999లో బిషప్పుల సినడ్ మధ్యేమార్గం ఒకటి ఆలోచించింది. వాక్య పఠనాలు, ప్రసంగం ఉన్న మొదటి భాగం జనం వైపు తిరిగి. అసలు బలి ప్రార్థన మొదలైనప్పటి నుంచి సత్ప్రసాదం స్వీకరించేదాకా బలిపీఠం వైపు తిరిగి. ముగింపు ప్రార్థనలు మళ్లీ జనం వైపు. ఇద్దరికీ చెరిసగం అన్నమాట. కానీ చాలా పీఠాల్లో అది అమలు కాలేదు. 2021 ఆగస్టులో సినడ్ మళ్లీ కూర్చుని, ఆ ఏడాది నవంబరు 28 నుంచి సభ మొత్తం ఒకే పద్ధతి పాటించాలని తీర్మానించింది. మిగతా పీఠాలు కొంచెం ముందూ వెనకా అయినా సర్దుకున్నాయి. ఎర్నాకుళం-అంగమాలి ఒప్పుకోలేదు. అక్కడి గురువుల్లో అత్యధికులు, విశ్వాసుల్లో చాలామంది యాభై ఏళ్లకు పైగా తాము ఎరిగిన పూజను వదులుకోలేమన్నారు. దానికి నాలుగేళ్ల ముందు, 2017 చివర్లో, అగ్రపీఠం భూముల అమ్మకం మీద పెద్ద వివాదం రేగింది. పై వాళ్లకూ కింది వాళ్లకూ మధ్య నమ్మకం అప్పుడే దెబ్బతింది. ఆ నమ్మకం ఉండి ఉంటే పూజ సంగతి ఇంత దూరం వచ్చేది కాదని నా అభిప్రాయం.

ఇక 2022కు వద్దాం. అగ్రపీఠం బాధ్యతను పోపుగారు ఆర్చ్‌బిషప్ ఆండ్రూస్ తాళత్ గారికి అప్పగించారు. నవంబరు 27న ఆయన సినడ్ చెప్పిన పద్ధతిలో పూజ చేయడానికి బసిలికాకు వస్తే గేటు దగ్గరే అడ్డుకున్నారు. డిసెంబరు 23 సాయంత్రానికి రెండు వర్గాలూ అదే గుడిలో ఎదురుపడ్డాయి. జనం వైపు తిరిగి పూజ చేసే గురువులు ఒక పూజ తర్వాత ఇంకో పూజగా రాత్రంతా కొనసాగించారు. అదే గుడిలో వాళ్లను వ్యతిరేకించేవాళ్లు నినాదాలు చేశారు. తెల్లారాక తోపులాట బలిపీఠం దాకా వెళ్లింది. చివరికి పోలీసులు వచ్చి అందరినీ బయటికి పంపాల్సి వచ్చింది.

ఎవరి వాదన ఎంత సరైనదైనా, ఆ రాత్రి ఇద్దరూ తప్పు చేశారని నేను అనుకుంటున్నాను. పూజను ఎదుటివాళ్లకు చోటు దొరక్కుండా చేయడానికి వాడుకున్నారు. పూజకు అడ్డం పడటాన్నే భక్తి అనుకున్నారు. ఒక కతోలికుడిగా దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇది జరిగిన వేళ కూడా చూడండి. కేరళలో ఈ సంప్రదాయపు ఇళ్లలో డిసెంబరు 1 నుంచి క్రిస్మస్ దాకా నోము పడతారు. ఇరవై ఐదు రోజుల నోము అని పేరు. మాంసం, చేపలు ముట్టరు. చేప లేనిదే ముద్ద దిగని ప్రాంతంలో అది చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లోనే ఇంటింటి ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. పిల్లలు ఎండుగడ్డి తెచ్చి పశువుల పాక కడతారు. పారిష్ కుర్రాళ్లు డప్పులు కొట్టుకుంటూ, క్రిస్మస్ తాతను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి పాడతారు. క్రిస్మస్ రాత్రి గుడి ముందు మంట వేసి, ఆ మంటలో సాంబ్రాణి వేస్తారు. బాలయేసు ప్రతిమను ఊరేగింపుగా తీసుకెళ్లి పాకలో ఉంచుతారు. కుర్బానా అయ్యాక ఇంటికెళ్లి పాలప్పం, మాంసం కూరతో నోము విడుస్తారు. ఇరవై నాలుగు రోజులు ఓపిగ్గా నోము పట్టిన ముసలమ్మకు, తీరా ఆ రాత్రి వచ్చేసరికి తన గుడి లేకుండా పోయింది. వేరే గుడికి వెళ్లి ఉంటుంది, నిజమే. కానీ ఆమె పెళ్లి జరిగిన గుడి, ఆమె పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించిన గుడి అది కాదు కదా.

పారిష్ అన్న మాట వాడుతున్నాను. మన తెలుగు కతోలికులు విచారణ అంటారు. సభలో ఎంత పెద్ద సంక్షోభం వచ్చినా, ఎక్కువమంది జనానికి అది తమ విచారణలోనే కనిపిస్తుంది. రోమ్ నుంచి ఉత్తరం వస్తుంది, సినడ్ నుంచి సర్క్యులర్ వస్తుంది. ఆ కాగితాన్ని ఆదివారం గుడిలో చదవాలా వద్దా అని తేల్చుకోవాల్సింది విచారణ గురువు. చదివితే సగం మందికి కోపం, చదవకపోతే పై నుంచి చర్య. చదవడానికి వీల్లేదని జనమే అడ్డుపడిన చోట్లున్నాయి. ఇంత టెన్షన్‌లోనూ ఆయన పాపసంకీర్తనాలు (జనం తమ పాపాలు ఒప్పుకునే మాటలు) వినాలి, చనిపోయినవాళ్లను పూడ్చాలి, క్రిస్మస్ పాటలు నేర్చుకునే పిల్లలకు సాయంత్రం గుడి తలుపు తీయాలి. ఈ వివాదం గురించి రాసినవాళ్లు గురువుల నిరసనల గురించి రాశారు గానీ, ఈ పనుల గురించి రాసింది తక్కువ. నన్నడిగితే ఆ మూడు నాలుగేళ్లు సభను నిలబెట్టింది ఈ పనులే.

2023 డిసెంబరు 7న రెండు విషయాలు ఒకేసారి బయటికొచ్చాయి. మేజర్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ జార్జ్ ఆలెంచేరి గారి రాజీనామాను పోప్ ఫ్రాన్సిస్ ఆమోదించారు. దాంతోపాటు ఎర్నాకుళం-అంగమాలి విశ్వాసుల కోసం ఒక వీడియో సందేశం పంపారు. ఒక పోపు ఒకే ఒక్క అగ్రపీఠం గొడవ మీద ఇలా కెమెరా ముందుకొచ్చి మాట్లాడటం చాలా అరుదు. సభ నుంచి విడిపోయిన ముఠాగా మారిపోకండి, క్రీస్తు శరీరాన్ని ఇంకా గాయపరచకండి అన్నది ఆయన మాటల సారం. గడువు కూడా పెట్టారు. ఆ ఏడాది క్రిస్మస్ నాటికి సినడ్ పద్ధతిలో కుర్బానా జరగాలన్నారు.

పండుగను గడువుగా పెట్టడం సరైనదేనా అని అప్పుడు నాకు సందేహం కలిగింది. అంతకుముందు ఏడాదే క్రిస్మస్ ముందురోజు గుడిలో తోపులాట జరిగింది. మళ్లీ అదే రోజును గీతగా గీస్తే ఇంకెంత గొడవవుతుందో అనిపించింది. జరిగింది వేరు. అగ్రపీఠానికి కొత్తగా వచ్చిన పాలనాధికారి బిషప్ బోస్కో పుత్తూర్ గారితో గురువులు మాట్లాడారు. డిసెంబరు 25న ప్రతి పారిష్‌లో ఒక పూజ సినడ్ పద్ధతిలో చేస్తామన్నారు. చాలా పారిష్‌లలో చేశారు కూడా. కొన్నిచోట్ల అడ్డుకున్నారు. బసిలికా మాత్రం తెరవలేదు. ఒకటే పూజ. తర్వాత వచ్చిన ఆదివారం నుంచి దాదాపు అంతా మళ్లీ మొదటికే వచ్చింది.

అయినా ఆ ఒక్క పూజను నేను తక్కువగా చూడలేను. రెండేళ్ల పాటు ఉత్తరాలకు, హెచ్చరికలకు లొంగని పారిష్‌లు ఆ రోజు ఒక అడుగు వేశాయి. వాదనలో ఓడిపోయి కాదు, వాళ్ల అభిప్రాయం మారిందీ లేదు. పండుగ పూట పోట్లాట వద్దనుకున్నారు. ఈ పద్ధతి ఇష్టం లేనివాళ్లు ఆ గంట సేపు బెంచీ మీద కూర్చున్నారు. ఇష్టమైనవాళ్లు మిగతా పూజలను ఆపడానికి రాలేదు. తర్వాత కుదిరిన ఒప్పందాలన్నిటికీ నమూనా ఆ క్రిస్మస్ రోజునే దొరికింది.

ఇక్కడి నుంచి కథలోకి మన తెలంగాణ వస్తుంది. 2024 జనవరిలో సినడ్ కొత్త మేజర్ ఆర్చ్‌బిషప్‌గా ఎన్నుకున్నది బిషప్ రఫాయేల్ తట్టిల్ గారిని. అప్పటికి ఆయన శంషాబాద్ పీఠాధిపతి. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న శంషాబాదే. 2017లో ఏర్పడిన ఆ పీఠం పరిధి తెలంగాణతో ఆగదు. దేశంలో సీరో-మలబార్ సభకు వేరే పీఠం లేని ప్రాంతాలన్నీ అప్పట్లో దాని కిందికే వచ్చేవి. ఉద్యోగాల కోసం కేరళ వదిలిన నర్సులు, టీచర్లు, ఇంజనీర్ల కుటుంబాలే అక్కడి విశ్వాసుల్లో ఎక్కువ. మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ పీఠం కూడా ఉంది. అక్కడి బిషప్ ప్రిన్స్ ఆంటోనీ గారినే తర్వాత శంషాబాద్‌కు పంపారు. ఒక సీరో-మలబార్ పీఠం మన మధ్య నడుస్తోందని చాలామంది తెలుగువాళ్లకు తెలియదు.

తెలియకపోయినా మలయాళీ సిస్టర్లను ఎరగని తెలుగు ఊరు తక్కువ. మన మిషన్ ఆస్పత్రుల్లో ఇంజెక్షన్ చేసింది వాళ్లే, మన కాన్వెంట్ బడుల్లో అక్షరాలు దిద్దించిందీ వాళ్లే. మా విచారణలో పనిచేసిన ఒక సిస్టర్ గారిది ఎర్నాకుళం వైపు. ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదని ఒకసారి అన్నారు. వాళ్ల పెద్దన్నయ్య సినడ్ పక్షం, చిన్నన్నయ్య ఎదుటి పక్షం. ఇద్దరిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. క్రిస్మస్ కేకు అటూ ఇటూ పంచుకుంటున్నారు గానీ పూజకు మాత్రం కలిసి వెళ్లడం మానేశారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లనిండా నీళ్లు. మా పిల్లలకు తెలుగు క్రిస్మస్ పాటలు నేర్పుతూ ఆమె ఆ బరువంతా మోశారని మాకు అప్పటిదాకా తెలియదు.

2024 జూన్‌లో మళ్లీ గడువు పెట్టారు, పాటించకపోతే సభ నుంచి వెలివేస్తామన్న హెచ్చరిక వచ్చింది. సర్క్యులర్ ప్రతులను తగలబెట్టినవాళ్లున్నారు. జూలై వచ్చేసరికి ఆదివారాల్లో ఒక పూజ సినడ్ పద్ధతిలో ఉండాలన్న రాజీ కుదిరింది. ఈ గొడవలో గురుపట్టాభిషేకం ఆగిపోయిన యువకులకు 2024 నవంబరులో గానీ అది జరగలేదు. 2025 జనవరిలో మళ్లీ నిరసనలు, పోలీసులు. బిషప్ బోస్కో పుత్తూర్ తప్పుకున్నారు, ఆర్చ్‌బిషప్ జోసెఫ్ పాంప్లానీ గారు బాధ్యత తీసుకున్నారు. చివరికి 2025 జూలై 3 నుంచి, అంటే తోమా గారి పండుగ రోజు నుంచి, ప్రతి ఆదివారం ఒక పూజ సినడ్ పద్ధతిలో, మిగతావి జనం వైపు తిరిగి అన్న ఏర్పాటు కుదిరింది.

ఆరాధన గురించి ఇన్నేళ్లు నడిచిన వాదం ఇప్పుడు గుడి గోడ మీద పూజ వేళల పట్టికలో ఒక వరుసగా ఉంది. ఇది పరిష్కారమే కాదని రెండు వైపులా అనేవాళ్లున్నారు. ఒకటి చాలదని కొందరు, ఒకటి కూడా ఎక్కువేనని కొందరు. నాకు మాత్రం ఆ పట్టిక మీద గౌరవం ఉంది. ఎవరూ ఎవరినీ బయటికి గెంటకుండా అందరికీ ఒక గంట దొరికింది.

మీ ఊరి ఆస్పత్రిలోనో బడిలోనో ఎర్నాకుళం నుంచి వచ్చిన సిస్టర్లుంటే, క్రిస్మస్ నాడు వాళ్లను భోజనానికి పిలవండి. మీవాళ్లు ఎటువైపు అని అడగకండి. ఇరవై ఐదు రోజుల నోము ఇక్కడ కూడా పట్టి ఉంటారు. చేపల కూర తప్పకుండా వండండి.

సెలవు. నమస్కారం.